ఒకే రంగు కవర్లలో రెండు ఇకామాలు

మా కోరుట్ల వైపు నన్ను కోతల రాజన్న అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. గల్ఫ్ యుద్ధం రోజుల్లో రియాద్‌లో నా గది కిటికీ పక్కనుంచి క్షిపణి పోయిందనీ, పోతూ పోతూ ఆగి నన్ను దారి అడిగిందనీ చెప్పినవాణ్ణి నేనే. ఆ ఒక్క కథ మీద బస్టాండు హోటల్లో వంద చాయ్‌లైనా తాగి ఉంటాను. కనుక ముందే చెబుతున్నాను. ఈ ప్రయాణంలో కోతులు మాట్లాడిన చోట నమ్మకండి. పోలీసులు కావా కాఫీ పోసిన చోట మాత్రం నమ్మండి.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు సంగతి ఇది. అప్పుడు నేను జెద్దాలో ఏసీలు బాగుచేసే కంపెనీలో మెకానిక్‌ని, వ్యాను డ్రైవర్‌ని కూడా. ఉస్మాన్ మా స్టోర్ కీపరు. సూడాన్ మనిషి, యాభై దాటినవాడు, తలుపులో వంగి దూరాల్సినంత పొడుగు. తొమ్మిదేళ్లు మా తెలంగాణ వాళ్లతో ఒకే గదిలో ఉండి తెలుగు పట్టేశాడు. నేర్పింది నేనే కాబట్టి మొదట్లో అన్నానికి ఒక మాట, బూతుకు ఒక మాట అటూ ఇటూ అయ్యాయి. తర్వాత సర్దుకున్నాయి.

ఉస్మాన్ అన్న ఇద్రీస్. ఇరవై రెండేళ్ల కింద ఓడలో వంటవాడిగా వెళ్లి, ఐరోపాలో ఒక రేవు పట్టణంలో దిగి, అక్కడే ఉండిపోయాడు. అన్నదమ్ములు మళ్లీ కలుసుకోలేదు. ఇద్రీస్‌కు గుండె ఆపరేషన్ ఖాయమైంది, ఇంక మూడు వారాలే ఉంది. "కత్తి పెట్టే ముందు ఒక్కసారి నీ మొహం చూస్తాను" అని ఉత్తరం రాశాడు.

ఆ దేశం పేరు చెప్పను. వాళ్లు నన్ను బాగానే చూశారు, కోతల రాజన్న పుస్తకంలో ఎక్కించి వాళ్ల పరువు తీయడమెందుకు? ఆఫ్రికా మనిషి వాళ్ల గడప తొక్కాలంటే కావలసిన కాగితాలు మాత్రం చెబుతాను. అన్న పిలుపు ఉత్తరం, దాని మీద అక్కడి మునిసిపాలిటీ ముద్ర. ఆసుపత్రి కాగితం. జీతం కాగితం. రానూపోనూ టికెట్టు. చెవులు రెండూ కనబడే ఫోటోలు. వెళ్లి రావడానికి సౌదీ ఇచ్చే అనుమతి, దాన్ని ఖురూజ్ ఔదా అంటారు. అన్నింటి మీదా కఫీల్ ఉత్తరం. కఫీల్ అంటే మనకు పని ఇచ్చి, మన పాస్‌పోర్టు దాచిపెట్టే యజమాని. ఇతను నా మనిషే, తిరిగి వస్తాడు, పని అలాగే ఉంటుంది అని ఆయన రాసివ్వాలి. ఇన్ని చేశాక కూడా రాయబార కార్యాలయంలో అడిగేది ఒకటే ప్రశ్న: తిరిగి వస్తావని ఏమిటి నమ్మకం?

అదే ప్రశ్న మా కఫీల్ కూడా వేశాడు. ఉస్మాన్ చేతికి పాస్‌పోర్టు ఇవ్వాలంటే కంపెనీలో ఇంకొకడు పూచీ సంతకం పెట్టాలి. అతను రాకపోతే పూచీదారుకు సెలవు లేదు, ఇంటి ముఖం లేదు. కిందటి సెలవు అయ్యాక నేను ఇల్లు విడిచి అప్పటికి రెండేళ్ల నాలుగు నెలలు. రెండు నెలల్లో నా వంతు సెలవు. నేనే సంతకం పెట్టాను.

గదిలో అందరూ తిట్టారు. "ఐరోపా పోయినోడు ఎన్కకు అస్తడా రాజన్నా? నీ సెలవు గంగల కలిసిందనుకో" అన్నాడు మా వంట పోశన్న.

"అస్తడు. పొయ్యి అమ్మలేదు, సూడు" అన్నాను.

మా క్యాంపుల్లో అదొక లెక్క. శాశ్వతంగా వెళ్లిపోయేవాడు పరుపు, పొయ్యి, టేప్ రికార్డరు గదిలో వాళ్లకు అమ్మేసి పోతాడు. సెలవు మీద పోయేవాడు పరుపు చుట్టి తాడు కడతాడు. ఉస్మాన్ పరుపుకు అప్పటికే తాడు కట్టి ఉంది. అయినా నేను సంతకం పెట్టింది పొయ్యిని చూసి కాదు. అది రియాద్‌లో మా మలాజ్ గది చేరాక చెబుతాను.

సూడాన్ వాళ్ల దరఖాస్తులు రియాద్‌లోని ఆ కార్యాలయంలో మంగళవారం ఒక్కరోజే, పదకొండు గంటల దాకానే తీసుకుంటారు. మాకు చేతిలో ఉన్నది ఒకే మంగళవారం. ఆ తర్వాతిదైతే ఆపరేషన్‌కు అందదు. కంపెనీ వాళ్లకు రియాద్‌కు కంప్రెసర్లు పంపే పని ఉంది. ఆదివారం పొద్దున వ్యానులో బయల్దేరాం.

బలద్‌లో కొన్న కవర్లు

శనివారం సాయంత్రం ఫోటోల కోసం బలద్ వెళ్లాం. పాత జెద్దా అదే. చెక్క కిటికీలు వీధిలోకి పొడుచుకొచ్చిన పెద్ద పెద్ద ఇళ్లు, కింద సందుల్లో కొట్లు. ఫోటో తీసే యెమెనీ ముసలాయన ఉస్మాన్ తలపాగా తీయించాడు. తొమ్మిదేళ్లలో ఆ తల నేను చూడటం అదే మొదలు. నున్నగా మెరుస్తోంది. "ఫ్లాష్ అక్కర్లేదు" అన్నాడు ముసలాయన. నాలుగు ఫోటోలకు పది రియాళ్లు.

పక్క కొట్లో ఇకామా కవర్లు వేలాడుతున్నాయి. ఇకామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు పుస్తకం. అది జేబులో లేకుండా వీధి దాటరాదు. ముస్లింలకు ఆకుపచ్చది, మిగతావాళ్లకు గోధుమ రంగుది. మాసిన పుస్తకాలతో దొరల ఆఫీసుకు పోతే బాగుండదని, బంగారు ఖర్జూర చెట్టు బొమ్మ ఉన్న మెరూన్ కవర్లు రెండు తీసుకున్నాను. ఒకటి నాలుగు రియాళ్లు, రెండు కొంటే ఆరు. ఆ రెండు రియాళ్ల ఆశ ఎంత పని చేసిందో చూడండి.

దారి చీలిన చోట

జెద్దా నుంచి తాయిఫ్ మీదుగా రియాద్ పోయే దారి మక్కా ముందు చీలుతుంది. ముస్లింలు నేరుగా, మిగతావాళ్లు చుట్టు దారిన. పచ్చ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఎవరు ఏ గడప దగ్గర ఆగాలో మా ఊళ్లో చిన్నప్పుడే నేర్పారు కాబట్టి నాకది కొత్తగా తోచలేదు.

ఉస్మాన్ అక్కడ దిగుతానన్నాడు. "జర మక్కా హరం మసీదుల నమాజ్ చేస్త రాజన్నా. అన్న కోసం. అటునుంచి టాక్సీల తాయిఫ్ అస్త. సాయంత్రం అసర్ నమాజ్ దాకా ఆడ పెట్రోల్ బంకు కాడ ఉండు."

కాగితాల సంచీ వ్యానులోనే ఉంచాడు. అద్దం ముందు పెట్టిన రెండు మెరూన్ కవర్లలో ఒకటి తీసి జేబులో వేసుకుని, చెక్‌పోస్టు వైపు నడిచాడు. నేను రెండోది జేబులో పెట్టుకుని చుట్టు దారి పట్టాను. పాట కూడా పాడుకున్నాను.

తాయిఫ్ ఎక్కే కొండ దారిలో కోతులుంటాయి, మెడ చుట్టూ జూలు ఉన్న పెద్దవి. ఒకటి నా బానెటు మీద కూర్చుని, అరటిపండు తిని, తొక్క నాకే ఇచ్చి, "ఇకామా ఉందా?" అని అడిగింది. నమ్మొద్దన్నాను కదా. కానీ అప్పుడు అది నిజంగా అడిగి ఉంటే ఎంత బాగుండేది.

తాయిఫ్ గుమ్మంలో

ఊరి ముందు చెక్‌పోస్టులో పడుచు పోలీసు కవరు తెరిచాడు. ఆకుపచ్చ. నన్ను చూశాడు, పుస్తకం చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"ఉస్మాన్?"

నా జీవితంలో నాలుక మీద అబద్ధం లేని క్షణం అదొక్కటే. ఫోటోలో తలపాగా చుట్టుకుని ఉస్మాన్, ఎదురుగా మీసాలతో నేను. ఒకడి ఇకామా మీద ఇంకొకడు తిరిగితే ఏమవుతుందో గల్ఫ్ పోయినవాళ్లందరికీ తెలుసు. ఇద్దరినీ లోపల వేస్తారు. మంగళవారం పోతుంది, ఇద్రీస్‌ను చూడటమూ పోతుంది, తర్వాత దేశం నుంచి పంపించేస్తారు. అప్పుడు చటుక్కున ఇంకోటి తట్టింది. నా గోధుమ రంగు ఇకామా ఇప్పుడు మక్కా గేటు దగ్గర ఉస్మాన్ చేతిలో ఉంది.

డ్రైవింగ్ లైసెన్సు తీసి ఇచ్చాను. దాంట్లో నా మొహం నాదే. నాకొచ్చిన అరబ్బీ అంతా కుప్పబోసి, చేతులతో రెండు కవర్లు, దారి చీలిక, నమాజు అన్నీ ఆడి చూపించాను. అతను నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. వైర్‌లెస్‌లో మక్కా చెక్‌పోస్టుతో మాట్లాడాడు. అవతలి నుంచి కూడా నవ్వే వినిపించింది.

"నీ మనిషి అక్కడే కూర్చున్నాడు. పో, తెచ్చుకో" అన్నాడు. ముందు చిన్న గిన్నెలో కావా పోశాడు. వేయించీ వేయించని కాఫీ గింజలు, యాలకులు, చక్కెర ఉండదు. మన కషాయానికి చుట్టం. మూడు ఖర్జూరాలు చేతిలో పెట్టాడు. అతని పేరు అడగలేదు నేను. అడిగి ఉండాల్సింది.

గోడ నీడ

నూట యాభై కిలోమీటర్లకు పైనే వెనక్కి. మక్కా చెక్‌పోస్టు చేరేసరికి మూడు దాటింది. గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ, చెప్పులు పక్కన పెట్టి కూర్చుని ఉన్నాడు ఉస్మాన్. నన్ను చూసి లేచి బట్టలు దులుపుకున్నాడు.

"నీ ఫోటో మంచిగ లేదు రాజన్నా. పోలీసులు బయపడ్డరు."

"నమాజు అయిందా?"

"కాలే. ఎన్కకు వచ్చేటప్పుడు చేస్త."

అక్కడి సార్జెంటు నెరిసిన గడ్డం మనిషి. కఫీల్ కాగితం ఇమ్మన్నాడు. అప్పట్లో ఊరు దాటాలన్నా కఫీల్ ఉత్తరం ఉండాలి. కంగారులో సంచీలోంచి చేతికందిన ముద్ర కాగితం ఇచ్చాను. ఆయన తిప్పి, వెనకవైపు నీలం పెన్నుతో ఎనిమిది వరుసలు రాసి, ఠప్పున ముద్ర వేసి ఇచ్చాడు. అప్పుడు చూశాను. నేనిచ్చింది ప్రయాణపు ఉత్తరం కాదు. రాయబార కార్యాలయంలో ఇవ్వాల్సిన ఉత్తరం. బంగారు అంచు కాగితం, కఫీల్ మూడుసార్లు టైపు చేయించిన ఉత్తరం.

నాకు అరబ్బీలో అంకెలు తప్ప రావు. "ఏం రాసిండు?" అని ఉస్మాన్‌ను అడిగాను. అతను మొత్తం చదివాడు. మడిచి సంచీలో పెట్టాడు.

"ఏం లేదు. పేర్లు రాసిండు."

ఎనిమిది వరుసల పేర్లు! చెడ్డదేదో రాశాడని అనుకున్నాను. కొత్త ఉత్తరానికి జెద్దా వెళ్తే సోమవారం అక్కడే అయిపోతుంది. ఉన్నదానితోనే ముందుకు కదిలాం.

కొండ మీద గోదావరి మనిషి

సాయంత్రానికి తాయిఫ్ కొండ మీద ఆగాం. పొద్దున కొన్న రొట్టెల పొట్లం ఒక కోతి ఎత్తుకెళ్లింది. నేను దాన్ని మా కోరుట్ల భాషలో దీవిస్తుంటే పక్కనుంచి ఎవరో, "ఏవండీ, తెలుగువాళ్లాండీ?" అన్నారు.

ఒక సౌదీ కుటుంబం తివాచీ పరిచి కూర్చుని ఉంది. వాళ్లింట్లో పనిచేసే ఆమె, నల్ల గుడ్డ తలకు చుట్టుకుని చేతిలో గంటెతో నిలబడింది. అమలాపురం దగ్గర ఏదో ఊరట. పేరు సత్యవతి. ఇంటావిడను అడిగి ఒక పళ్లెం నిండా అన్నం, మాంసం తెచ్చిపెట్టింది. కొంగు ముడి విప్పి ఎండుమిరపకాయ ఒకటి నా పక్కన వేసింది. "ఇక్కడోళ్ల కూర చప్పగా ఉంటుందండీ" అంది.

ఉస్మాన్, నేను ఒకే పళ్లెంలో తిన్నాం. మొదటి ఏడాది నాకిది చేతకాలేదు. ఎవరి కంచం వాళ్లది అనే ఊరి నుంచి వచ్చినవాణ్ణి. ఇప్పుడు వేరే పళ్లెం ఇస్తే నాకు అన్నం సగమే పోతుంది. ఉస్మాన్ మా గదిలో జొన్నపిండి పులియబెట్టి పలుచగా కిస్రా అనే అట్టు పోసిన రోజు, సూడాన్ మా కోరుట్లకు పక్క ఊరేనని నాకు తెలిసిపోయింది.

ఎక్కడికని సత్యవతి అడిగితే చెప్పాం. "ఆయన పాస్‌పోర్టు ఒకసారి చూపిస్తారా అండీ? నా దాని మొహం చూసి మూడేళ్లయిందండీ" అంది.

ఉస్మాన్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, తీసి ఇచ్చాడు. ఆమె పేజీలు తిప్పి, సూడాన్ ముద్రను వేలితో ఒకసారి తడిమి, రెండు చేతులతో తిరిగి ఇచ్చేసింది. "వెళ్లి రండి బాబూ" అంది ఉస్మాన్‌తో. ఆ 'రండి' మాత్రం గట్టిగా అంది.

మలాజ్

సోమవారం అంతా ఎడారి. ఒంటెలు, ముల్లుపొదలు, మళ్లీ ఒంటెలు. ఒక దాబాలో కబ్సా, అంటే వాళ్ల మాంసం అన్నం, పది రియాళ్లు, ఇద్దరం తినగా మిగిలింది. చీకటి పడే వేళకు రియాద్‌లో మలాజ్ చేరాం. అక్కడి మా కంపెనీ గదిలోనే మకాం.

యుద్ధంలో మేమిద్దరం ఉన్న గది అది. కిటికీ అద్దాల మీద అప్పుడు అంటించిన టేపు మచ్చలు ఇంకా పోలేదు. క్షిపణి నన్ను దారి అడగలేదు. నిజం చెబుతున్నాను. సైరన్ మోగితే మంచం కింద దూరి, బయటికి రానని ఏడ్చినవాణ్ణి నేను. విషవాయువు వస్తుందని ముసుగులు పంచారు. మా గదికి ఒకటి తక్కువ వచ్చింది. ఉస్మాన్ తనది నా మొహానికి కట్టి, తను తడి తువ్వాలు చుట్టుకుని, మంచం పక్కన నేల మీద కూర్చునేవాడు. అన్ని రోజులూ. విషవాయువు రాలేదు. వస్తుందో రాదో అప్పుడు అతనికి తెలియదు కదా.

పూచీ సంతకం అందుకు.

కిటికీ ముందు

మంగళవారం తొమ్మిదికల్లా వరుసలో ఉన్నాం. లోపల సన్నటి పొడుగాటి అధికారి, పక్కన అరబ్బీ తర్జుమా చేసే లెబనాన్ పెద్దావిడ. పూచీదారుగా ఉత్తరంలో నా పేరు ఉండటంతో నన్నూ రానిచ్చారు. కాగితాలు ఒక్కొక్కటే చూశాడు. పిలుపు ఉంది, ఆసుపత్రి ఉంది, టికెట్టు ఉంది, చెవులు రెండూ ఉన్నాయి.

"తిరిగి వస్తారని ఏమిటి నమ్మకం?" వచ్చింది ప్రశ్న.

ఉస్మాన్ ఆలోచించి, "నా పొయ్యి అమ్మలేదు" అన్నాడు అరబ్బీలో.

ఆవిడ అదే ఇంగ్లీషులో చెప్పింది. అధికారి కళ్లజోడు తీశాడు. నేను కల్పించుకుని నా ఏసీ మెకానిక్ ఇంగ్లీషులో క్యాంపు పద్ధతి, పరుపు, తాడు అన్నీ వివరించాను. ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. కఫీల్ ఉత్తరం చేతిలోకి తీసుకున్నాడు. చదివి పెడుతూ ఉంటే వెనకవైపు నీలం రాత కనబడింది.

"ఇదేమిటి?"

ఉస్మాన్ తల వంచుకున్నాడు. ఆవిడ కాగితం అందుకుని, మెల్లగా చదువుతూ ఇంగ్లీషులో చెప్పింది.

"ఉస్మాన్ అనే ఇతను పొద్దున ఎనిమిది గంటలకు మా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఉన్నది స్నేహితుడి ఇకామా. ఇతను ముస్లిమని మాకు అనుమానం లేదు. జీపులో తీసుకెళ్లి నమాజు చేయించి తెస్తామన్నాం. రానన్నాడు. 'నా స్నేహితుడు నా ఇకామాతో దారిలో ఉన్నాడు. వెనక్కి వచ్చేసరికి నేను ఇక్కడ లేకపోతే వాడికి పేరు ఉండదు' అన్నాడు. మూడు దాటేదాకా గోడ నీడలో కూర్చున్నాడు. స్నేహితుడు తాయిఫ్ నుంచి తిరిగి వచ్చాడు. వీళ్లను ఆపవద్దు."

నేను తలెత్తి గదిలో ఏసీ వైపు చూశాను. బేరింగు అరిగింది దాంట్లో.

అధికారి నా వైపు తిరిగాడు. "ఇది నిజమేనా?"

ఏడు గంటలను ఏడు రోజులు చేయగల నోరు నాది. "సెవెన్ అవర్స్ సార్" అన్నాను. అంతే వచ్చింది.

పది రోజులు పట్టే పని. ఆయన పాస్‌పోర్టు తీసుకుని, "రేపు మధ్యాహ్నం రండి" అన్నాడు. బుధవారం మధ్యాహ్నం ఇరవై ఒక్క రోజుల వీసా చేతికొచ్చింది. బయటికొచ్చాక ఉస్మాన్‌ను పట్టుకున్నాను.

"పేర్లు రాసిండన్నవ్?"

"నీ పేరు, నా పేరు. ఉన్నయి గద" అన్నాడు.

మళ్లీ అదే గోడ

తిరుగు దారిలో నేను మళ్లీ చుట్టు దారిన రావాలి, అతను మక్కా గుండా. ఈసారి వ్యాను ఆపి, కవర్లు రెండూ తెరిచి, ఫోటోలు చూసి, ఎవరిది వాళ్లం తీసుకున్నాం. నేను జెద్దా వైపు చెక్‌పోస్టుకు ముందే చేరి, అదే గోడ నీడలో కూర్చున్నాను. నెరిసిన గడ్డం సార్జెంటు గుర్తుపట్టి చాయ్ పంపాడు. నాలుగు గంటలు. నీడతో పాటు జరగడం అంత తేలిక కాదు, వీపు మండుతుంది. ఉస్మాన్ వచ్చి, మక్కా బావిలోని జంజం నీళ్ల సీసా సార్జెంటుకు ఒకటి, నాకు ఒకటి ఇచ్చాడు.

ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందే అన్నదమ్ములు కలిశారు. ఇద్రీస్ బతికాడు.

ఉస్మాన్ తన ఇకామా కంపెనీలో అప్పగించి వెళ్లాడు, వెళ్లేవాళ్లంతా అంతే. పంతొమ్మిదో రోజు ఎయిర్‌పోర్టుకు నేనే పోయాను, ఆఫీసువాళ్లు ఆ ఇకామా నాకే ఇచ్చి పంపారు. గదిలో అప్పటికి రెండు వారాలుగా పోశన్న రోజూ నన్ను చూసి నిట్టూరుస్తున్నాడు. విమానం దిగినవాళ్లంతా అయిపోయారు. తలుపులు మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకున్నాయి. వంగి దూరుతూ వచ్చాడు ఉస్మాన్, చేతిలో ఉన్ని టోపీతో. ఓడల్లో ఇద్రీస్ అల్లడం నేర్చుకున్నాడట, ఆసుపత్రి మంచం మీద నా కోసం అల్లాడట. జెద్దా ఎండలో దాన్ని అక్కడే తలకు పెట్టుకున్నాను. చలికాలం మా ఊళ్లో ఇప్పటికీ అదే.

మెరూన్ కవరు తీసి ఇచ్చాను. ఉస్మాన్ నన్ను కావలించుకోలేదు ముందు. కవరు తెరిచి, ఫోటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫోటో చూశాడు.

"నాదే" అన్నాడు. "ఇగ నువ్వు ఇంటికి పో రాజన్నా."